మల్లోరీ, మంచు గోడలు

జార్జ్ మల్లోరీ అనగానే, ఎవరెస్టు కొన దాకా ఎక్కాడా లేదా అన్న వాదనే అందరికీ గుర్తొస్తుంది. నాకు మాత్రం కొన కంటే కింద ఉన్న గోడలే ఆయన్ని గురించి ఎక్కువ చెప్తాయి. గోడపత్రికకి గోడల కథ తగినదే కదా!

1886లో ఇంగ్లండులో ఒక పాదిరి గారింట పుట్టాడు. కేంబ్రిడ్జిలో చదివి బడిపంతులయ్యాడు. సెలవులొస్తే వేల్స్ కొండలెక్కేవాడు. అక్కడ పాతకాలపు హిమానీనదాలు తొలిచిన గిన్నెలాంటి లోయలున్నాయి. లోయ తలాపున మంచు రాతిని కరుచుకుని గడ్డకడుతుంది, కిందికి జారేటప్పుడు ముక్కలు పెరుక్కుపోతుంది. పగుళ్లలో నీరు గడ్డకట్టి ఇంకొన్ని ఊడగొడుతుంది. వేల ఏళ్లకు నిట్టనిలువు గోడలు మిగులుతాయి. అలాంటి లోయను వేల్స్ వాళ్లు కూమ్ అంటారు.

1921లో దారి వెతుకుతూ, ఎవరెస్టుకు పడమటి లోయలోకి తొంగిచూసిన మల్లోరీ దానికి వెస్టర్న్ కూమ్ అని పేరు పెట్టాడు. హిమాలయానికి వేల్స్ మాట! రెండు భాషల ఇంట్లో పెరిగాను కాబట్టి నాకిది వింతగా లేదు. ఏ మాట ముందు నోటికొస్తే అదే అనేస్తాం.

ఆ లోయ మొదట్లో మంచంతా ముక్కలై ఉంది, లాభం లేదనుకున్నాడు. టిబెట్ వైపునే తూర్పు రోంగ్‌బుక్ హిమానీనదం తలాపున ఇంకో మంచు గోడ ఉంది. దానిపైన నార్త్ కోల్ అనే కనుమ, ఎత్తు సుమారు 7,000 మీటర్లు. 1922 జూన్ 7న, కొత్తగా పడిన మంచు సరిగ్గా కుదురుకోకముందే, మల్లోరీ, సోమర్వెల్, క్రాఫర్డ్ 14 మంది కూలీలతో ఆ గోడ ఎక్కసాగారు. మంచు విరిగిపడింది. ఏడుగురు పోయారు. ఏడుగురూ కూలీలే. తప్పు తనదేనని మల్లోరీ భార్య రూత్‌కి రాసుకున్నాడు. అలా ఒప్పుకోవడం పెద్దమనసే, కానీ పోయినవాళ్ల ఇళ్లకి దానివల్ల ఏం ఒరిగింది?

ఆ సోమర్వెల్ తర్వాత మన కన్యాకుమారి దగ్గర నెయ్యూరు ఆస్పత్రిలో చాలా ఏళ్లు డాక్టరుగా పనిచేశాడు.

1924లో అదే గోడ పైన నలుగురు కూలీలు చిక్కుకుపోయారు. శిఖరం కోసం దాచుకోవాల్సిన బలాన్ని ఖర్చుపెట్టి నార్టన్, సోమర్వెల్, మల్లోరీ వెళ్లి నలుగురినీ ప్రాణాలతో దించారు. మల్లోరీ ఎక్కినవాటిలో నాకు గొప్పదనిపించేది ఇదే. కొన్నాళ్లకే, జూన్ 8న, ఇర్విన్‌తో కలిసి పైకి వెళ్లి ఇక రాలేదు. శరీరం 1999లో దొరికింది.

1953లో టెన్జింగ్, హిల్లరీ ఆయన కాదనుకున్న ఆ కూమ్ గుండానే నడిచి, దాని తలాపున ఉన్న లోత్సే గోడ ఎక్కి శిఖరం చేరారు.