పరమాణువును మాట వినిపించిన రాబీ

ఐసిడోర్ ఐజాక్ రాబీ గారు 1898లో నాటి ఆస్ట్రియా-హంగరీలో పుట్టారు. పసితనంలోనే తల్లిదండ్రులతో న్యూయార్కు చేరారు. తండ్రి బట్టలు కుట్టే కార్మికుడు. పేదరికంలోనే చదువుకుని 1927లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు.

పరమాణు కేంద్రకం చిన్న అయస్కాంతం వంటిది. ఏ ఒక్కటి ఎటు తిరుగుతుందో ముందుగా చెప్పలేము. పక్కవాటి తాకిడి తగిలితే లెక్క తప్పుతుంది. అందుకని రాబీ గారు గాలి తీసేసిన గొట్టంలో అణువులను సన్నని ధారగా పంపి, వాటికి రేడియో తరంగాలు తగిలించారు. ఊయలను సమయానికి తోసినట్లు, తరంగం కేంద్రకం లయకు సరిపోతేనే అది తిరగబడుతుంది. ఏది తిరగబడుతుందో చెప్పలేకపోయినా, ఎన్నో వంతు తిరగబడతాయో ఆయన సూత్రం చెబుతుంది. 1938లో వెల్లడైన ఈ పద్ధతికి 1944లో నోబెల్ బహుమతి లభించింది.

నేటి క్వాంటం కంప్యూటర్లలోనూ పని జరిపించేది ఇటువంటి తోపుడే. బయటి అలజడి చెరిపివేసే లోపల పని ముగియాలి.

మన సభ్యులు పలువురు చేయించుకున్న ఎం.ఆర్.ఐ. స్కానింగుకూ ఆ పద్ధతే పునాది. నాడు రాబీ గారు వైద్యం కోసమని ఆ పరిశోధన చేయలేదు. 1988లో కన్నుమూయడానికి ముందు, చివరి జబ్బులో ఆయననూ ఆ యంత్రంలోనే పరీక్షించారు. తాను నాటిన చెట్టు నీడ తనకూ దక్కింది.