వినకముందు తీర్పు తీర్చరాదు
ఎలిజబెత్ ప్యాకర్డ్ జీవితము (1816–1897)

ధ్యానభాగములు: యోహాను 7:45–52; 1 సమూయేలు 1:9–18



ఎదుటివాని మాట వినకముందే అతనికి తీర్పు చెప్పుట న్యాయమా అని నికొదేము పెద్దల సభలో అడిగెను. ఆ ప్రశ్నకు ఎవరును ఉత్తరమియ్యలేదు. అడిగినవానినే ఎగతాళి చేసిరి. అదే ప్రశ్నను పందొమ్మిదవ శతాబ్దమున ఒక పాదిరిగారి భార్య అడుగవలసి వచ్చెను. ఆమెను గూర్చి ఈ మాసము తలంచుకొందము.

ఎలిజబెత్ 1816 డిశంబరు 28న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున ఒక పాదిరిగారి యింట జన్మించెను. బాగుగా చదువుకొని ఉపాధ్యాయురాలాయెను. ఇరువది యేండ్లయినను నిండకముందే ఆమెకు జబ్బుచేసి మనస్సు కలతపడగా, తండ్రి ఆమెను కొన్ని వారములు వూస్టరులోని ప్రభుత్వ వైద్యశాలలో ఉంచెను. ఆమె స్వస్థురాలై తిరిగి వచ్చెను. 1839లో తనకంటె సుమారు పదునైదేండ్లు పెద్దవాడైన థియోఫిలస్ ప్యాకర్డ్ అను పాదిరిగారిని వివాహమాడెను. వారికి ఆరుగురు బిడ్డలు కలిగిరి. కొంతకాలమునకు ఆ కుటుంబము ఇల్లినాయి రాష్ట్రములోని మాంటెనో అను చిన్న ఊరికి చేరెను.

అక్కడి సంఘములో పెద్దల బైబిలు తరగతి జరుగుచుండెను. మనుష్యుడు పుట్టుకతోనే పూర్తిగా చెడినవాడను బోధ మొదలైన కొన్ని సంగతులలో ఎలిజబెత్ భర్తతో ఏకీభవింపక, తన తలంపులను ఆ తరగతిలో బాహాటముగా చెప్పెను. ఆయన దానిని అభిప్రాయభేదముగా ఎంచక మతిభ్రమణముగా ఎంచెను. ఆనాటి జబ్బు ఇప్పుడు ఆయన వాదమునకు ఆసరా ఆయెను. ఒక వైద్యుడు కుట్టుమిషనులు అమ్మువానివలె ఇంటికి వచ్చి, ఆమెతో మాట్లాడి, మతి తప్పినదని చెప్పెను.

1851నాటి ఇల్లినాయి చట్టము ప్రకారము ఇతరులను మానసిక వైద్యశాలలో చేర్చుటకు సాక్ష్యము కావలసియుండెను. వివాహిత స్త్రీకైతే భర్త కోరిక, వైద్యశాల అధికారి సమ్మతి, ఈ రెండే చాలును. 1860 జూను 18న ఆమెను రైలెక్కించి జాక్సన్‌విల్‌లోని ప్రభుత్వ వైద్యశాలకు కొనిపోయిరి. తన యిష్టముతో ఒక్క అడుగైనను వేయనని ఆమె చెప్పగా, మనుష్యులు ఎత్తుకొని పోయిరి. కడగొట్టు బిడ్డకు అప్పటికి ఏడాదిన్నర వయస్సు.

వైద్యశాల అధికారియైన డాక్టరు మెక్‌ఫార్లండ్ మొదట ఆమెను మర్యాదగానే చూచెను. రోగులయెడల జరుగుచున్న దురుసుతనమును ఖండించుచు ఆమె ఆయనకు వ్రాసి యిచ్చిన తరువాత, ఆమెను మిక్కిలి కష్టమైన రోగులుండు వార్డునకు మార్చిరి. అక్కడ ఆమె చేసిన పని మనము గమనింపవలెను. తోటి రోగులకు స్నానము చేయించెను, గదులు కడిగెను, దుర్వాసన పోగొట్టెను. చూచినదంతయు రహస్యముగా వ్రాసి దాచెను. వ్రాసిన ఉత్తరములు బయటికి పోవుట అధికారి చేతిలో నుండెను. మతి తప్పినదని పేరుపడినవారు దెబ్బలు తగిలినవని చెప్పినను, ఆకలియని చెప్పినను, ఆ మాట రోగలక్షణముగానే ఎంచబడునని ఆమె మూడేండ్లు కన్నులార చూచెను.

1863లో నయముకాని రోగియని వ్రాసి ఆమెను పంపివేసిరి. ఇంటికి వచ్చిన తరువాత భర్త ఆమెను ఒక గదిలో పెట్టి తాళము వేసెను. ఆమె కిటికీ సందులోనుండి జారవిడిచిన చీటీ ఒక స్నేహితురాలికి చేరెను. ఆ మూలముగా హెబియస్ కార్పస్ ఆజ్ఞ వెలువడి, 1864 జనవరిలో కాంకకీ పట్టణ న్యాయస్థానములో విచారణ జరిగెను. ఆమె నమ్మకములే ఆమె వెఱ్ఱికి రుజువని కొందరు సాక్ష్యమిచ్చిరి. వైద్యమును దైవశాస్త్రమును రెండును ఎరిగిన డంకన్సన్ అను ఆయన మాత్రము, ఆమె అభిప్రాయములన్నిటిని తాను ఒప్పుకొనకపోయినను, తనతో ఏకీభవింపనివారినెల్ల పిచ్చివారని చెప్పుట తగదని సాక్ష్యమిచ్చెను. జ్యూరీవారు ఏడు నిమిషములలో ఆమె స్వస్థచిత్తురాలని తీర్పు చెప్పిరి.

ఆమె ఇంటికి వచ్చుసరికి ఇల్లు పరుల చేతిలో నుండెను. భర్త బిడ్డలను, సామానును తీసికొని మసాచుసెట్స్‌కు వెళ్లిపోయెను. బిడ్డలను తిరిగి పొందుట 1869 వరకు ఆమెకు సాధ్యము కాలేదు.

విడుదల పొందినవారు గడచినదానిని మరువగోరుట సహజము. ఎలిజబెత్ మాత్రము లోపల మిగిలిపోయినవారిని మరువలేదు. తన అనుభవమును పుస్తకములుగా వ్రాసి, తానే తిరిగి అమ్ముకొని జీవించుచు, రాష్ట్రము వెంట రాష్ట్రము శాసనసభలయెదుట నిలిచెను. 1867లో ఇల్లినాయిలో జ్యూరీ విచారణ లేనిదే ఎవరిని గాని మానసిక వైద్యశాలలో నిర్బంధింపరాదను చట్టము వచ్చెను. 1872లో ఐయోవా రాష్ట్రము రోగులకు బయటివారితో ఉత్తరములు జరుపు హక్కు నిచ్చి, వైద్యశాలలను చూచుటకు ముగ్గురి సంఘమును నియమించెను. వారిలో ఒకరైనను స్త్రీ కావలెను.

వైద్యులలో అనేకులు ఆమెను వ్యతిరేకించిరి. రోగిని నేరస్థునివలె జ్యూరీయెదుట నిలుపుట సిగ్గుకరమనియు, చికిత్స ఆలస్యమగుననియు వారు చెప్పిరి. ఆ మాటలోను కొంత సత్యము లేకపోలేదు. తరువాతి కాలమున జ్యూరీ పద్ధతి సడలిపోయెను. అయినను రోగికి మాటయున్నది, దానిని వైద్యశాలకు చెందనివారు ఎవరో ఒకరు వినవలెను అను మూలసూత్రము నిలిచెను.

ఆమె 1897 జూలై 25న కన్నుమూసెను. ఇల్లినాయిలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో డాక్టరు మెక్‌ఫార్లండ్ పేరుతో నున్న ప్రభుత్వ మానసిక వైద్యకేంద్రమునకు 2023లో ఎలిజబెత్ ప్యాకర్డ్ పేరు పెట్టిరి.

మన దేశములోని 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము కూడ, సమాజములో చెల్లుచున్న నీతి నియమములకు గాని మతవిశ్వాసములకు గాని ఒకరు ఒదిగియుండలేదను కారణముచేత వారిని మానసిక రోగియని నిర్ణయింపరాదని చెప్పుచున్నది. ఉత్తరములు, ఫోను, సందర్శకులు, ఉచిత న్యాయసహాయము, ఫిర్యాదు చేయుట, ఇవన్నియు వైద్యశాలలోని రోగికి హక్కులే. మన బంధువులలోనో పొరుగువారిలోనో ఒకరు చికిత్సలో నున్నయెడల, ఈ హక్కులు వారికి దొరకుచున్నవా అని అడుగుట మన పని.

షిలోహు మందిరములో పెదవులు కదలించుచు ప్రార్థించిన హన్నాను చూచి యాజకుడైన ఏలీ ఆమె త్రాగియున్నదని తలంచెను. అతడు తప్పుగా తలంచెను గాని, ఆమె మాట వినెను. విని దీవించి పంపెను. మాంటెనో పాదిరిగారు వినలేదు. దైవసేవకులైన ఆ యిద్దరి మధ్య భేదమంతయు ఇంతే.

హన్నా స్వస్థురాలే, ఎలిజబెత్ స్వస్థురాలే. అయితే నిజముగా మనస్సు కలతపడినవారి మాట సంగతి ఏమి? ఎలిజబెత్ తన యౌవనమున ఆ స్థితిని ఎరుగును; వార్డులో వారి పాదములు కడిగెను; వారికొరకే ముప్పదియేండ్లకు పైగా పాటుపడెను. ఈ మాసము అట్టివారిలో ఒకరియొద్ద మనము కూర్చుండి, తొందరపడక, వారు చెప్పునది కడవరకు వినెదము గాక.