బెహరాంజీ మలబారీ జీవితము

చట్టమును ప్రభుత్వము చేయును. దానిని నిలుపునది లోకాభిప్రాయము. లోకమంగీకరింపని శాసనము కాగితముపై నక్షరములుగనే మిగిలిపోవును. ఐనను లోకమనగా నెవరు? సభలలో మాటాడు పెద్దలు మాత్రమేనా? ఏ పసివారి రక్షణకై శాసనము పుట్టుచున్నదో ఆ పసివారికందు చోటు లేదా? ఈ ప్రశ్నను దేశమంతటికిని వినిపింపజేసిన వారిలో బెహరాంజీ మెర్వాన్‌జీ మలబారీ అగ్రగణ్యుడు. ధనబలముగాని అధికారబలముగాని లేని ఆయనకు అచ్చుకాగితమొక్కటియే ఆయుధము.

మలబారీ 1853వ సంవత్సరమున బరోడాలో నిరుపేద పారసీక కుటుంబమున జన్మించెను. పసితనముననే తండ్రి ధన్‌జీభాయి మెహతా గతింపగా, తల్లి భీఖీబాయి బిడ్డను వెంటబెట్టుకొని సూరతు చేరెను. మలబారు తీరమునుండి చందనమును సుగంధద్రవ్యములను తెప్పించి విక్రయించు మెర్వాన్‌జీ నానాభాయి యను సంతానహీనుడు ఆ బాలుని పెంచుకొనెను. మలబారీ యను ఇంటిపేరు అట్లు సంక్రమించినదే. బాల్యము గడవకమునుపే తల్లియు మరణించెను. మిషను పాఠశాలలో చదువుకొనుచు, ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పుచు, ఆయన కాలము గడపెను. బొంబాయిలో మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండి, గణితము కొరుకుడు పడక పలుమారులు తప్పి, తుదకు 1871లో కృతార్థుడయ్యెను.

లెక్కలు లొంగకపోయినను భాష ఆయనకు లొంగెను. 1875లో గుజరాతీ భాషయందు నీతివినోదమను పద్యగ్రంథమును, మరుసటి యేట ఆంగ్లపద్యసంపుటమును ప్రకటించెను. 1880లో ఇండియన్ స్పెక్టేటర్ అను పత్రిక ఆయన చేతికి వచ్చెను. దానిని నడపుటకు ఆయన పడిన పాట్లు అన్నియిన్ని కావు. ఆ పత్రికయే పిమ్మట ఆయన కీర్తికిని, ఆయన పడిన నిందలకును మూలమయ్యెను.

1884లో మలబారీ బాల్యవివాహమును గూర్చి యొకటి, నిర్బంధవైధవ్యమును గూర్చి యొకటి, రెండు లేఖలను అచ్చొత్తించి దేశమందలి ప్రముఖులకు వేలకొలదిగ పంపెను. పెండ్లియైన బాలురను విశ్వవిద్యాలయములు చేర్చుకొనరాదనియు, ఉద్యోగములలో అవివాహితులకు ప్రాధాన్యమీయవలెననియు ఆయన సూచించెను. రాజప్రతినిధి రిప్పను ప్రభువు ఆ లేఖలను రాష్ట్రప్రభుత్వములకు పంపి అభిప్రాయములను కోరెను. అభిప్రాయములు సంపుటములుగ వచ్చిపడెను. శాస్త్రవిరుద్ధమని కొందరు, విద్య వ్యాపించిన ఆచారము తానే మారునని కొందరు, పరప్రభుత్వము మన యింటిలో చేయి పెట్టరాదని కొందరు వ్రాసిరి. పారసీకునకు హిందువుల పెండ్లిండ్లతో పనియేమని అడిగినవారును కలరు. 1886లో ప్రభుత్వము ఈ విషయమున శాసనము చేయజాలమని తేల్చివేసెను. ఇన్ని అభిప్రాయములును చదువుకొన్న పురుషులవే. పదియేండ్ల పిల్లకు వ్రాయుట రాదు. వ్రాయగలిగినను అడుగువారు లేరు.

ఐనను ఒక యువతి నోరు తెరచెను. బాల్యముననే వివాహిత యైన రఖ్మాబాయి, పెద్దదైన పిదప భర్త యింటికి పోనని నిలిచినందున, ఆ భర్త 1884లో బొంబాయి హైకోర్టున దావా వేసెను. మరుసటి యేట ఆమె మారుపేరుతో పత్రికకు లేఖలు వ్రాసి బాలికల దుఃస్థితిని వెల్లడించెను. 1887లో న్యాయస్థానము, భర్త యింటికేగవలెను, లేనిచో ఆరు మాసములు కారాగారమున నుండవలెనని తీర్పు చెప్పెను. ఆమె చెరకైనను సిద్ధపడెను. మలబారీ తన పత్రికయందు ఆమె పక్షమును వహించి, ఆమెకు తోడ్పడువారిని కూడగట్టెను. 1888లో ధనమిచ్చి రాజీ కుదుర్చుకొనుటతో ఆ వ్యాజ్యము ముగిసెను. పిమ్మట రఖ్మాబాయి లండనులో వైద్యవిద్య నభ్యసించి, మలబారీ పెరిగిన సూరతు నగరముననే వైద్యురాలై స్త్రీలకు సేవ చేసెను.

సమ్మతి వయస్సు అను మాట ఆ దినములలో ఇంటింట వినబడసాగెను. మైనరు వ్రాసిన క్రయదస్తావేజు చెల్లనట్లే, ఒకానొక వయస్సునకు లోబడిన బాలిక దాంపత్యమునకు సమ్మతించెనన్నను ఆ సమ్మతి చెల్లదని చట్టము చెప్పును. ఆ వయస్సే సమ్మతి వయస్సు. 1860 నాటి శిక్షాస్మృతి దానిని పదియేండ్లుగ నిర్ణయించెను. పొలమమ్ముటకు తెలివి చాలదన్న వయస్సునకు ఎంతో ముందుగనే, తన శరీరమును గూర్చి నిర్ణయించుకొను తెలివి ఆడుపిల్లకు వచ్చునని ఆ చట్టము తలచెనన్నమాట.

1890లో కలకత్తాలో ఫూల్‌మణి యను బాలిక, తనకంటె ఎన్నో యేండ్లు పెద్దవాడైన భర్తవలన మరణించెను. ఆమెకు పదియేండ్లు దాటినందున బలాత్కారమను ఆరోపణ నిలువలేదు. భర్తకు ఒక యేడాది కఠినశిక్ష మాత్రము పడెను. సంపుటముల కొలది అభిప్రాయములు కదలింపలేని ప్రభుత్వమును ఈ పసిదాని మరణము కదలించెను. స్త్రీవైద్యులు ఏబదిమందికి పైగా చేవ్రాళ్లు చేసి, తాము కన్నులార చూచిన గాయములను మరణములను పేర్కొని, రాజప్రతినిధికి విన్నపము పంపిరి. ఆ యేడే మలబారీ ఇంగ్లండునకేగి అచ్చటి ప్రముఖులను ఒక సంఘముగ కూర్చెను.

1891 జనవరి 9వ తేదీన ఆండ్రూ స్కోబుల్ శాసనసభయందు, వయోమితిని పండ్రెండేండ్లకు పెంచు బిల్లును ప్రవేశపెట్టెను. దేశము రెండుగ చీలెను. కలకత్తా మైదానమున వేలకొలది జనులు గుమిగూడి నిరసించిరి. రజస్వలయైన వెంటనే గర్భాధానము జరుగవలెననియు, ఈ చట్టము ఆ సంస్కారమునకు భంగకరమనియు వారి వాదము. అట్టి నిర్బంధము శాస్త్రమున లేదని రామకృష్ణ గోపాల భండార్కరు ప్రమాణములు చూపెను. పూనాలో తిలకు మహాశయుడు బిల్లును తీవ్రముగ నెదిరించెను. ఆయన బాల్యవివాహమును మెచ్చినవాడు కాడు. బాలికలకు పదునారేండ్లవరకు పెండ్లి చేయబోమని సంస్కర్తలు తామై ప్రతిన పూనవలెనని కోరినవాడు. అన్యదేశీయుల చట్టముచేత సంఘము బాగుపడదనియే ఆయన పట్టుదల. ఆ మాట త్రోసివేయదగినది కాదు. ఐనను ప్రతినలు పూనబడువరకు వేచియుండుటకు ఫూల్‌మణి వంటివారికి వ్యవధి యెక్కడిది? మార్చి 19వ తేదీన బిల్లు చట్టమయ్యెను.

చట్టము వచ్చినను దాని క్రింద నడచిన వ్యాజ్యములు బహుస్వల్పము. ఇంటి గుట్టును బయటపెట్టువారు లేరు. తిలకు చెప్పినది ఈ యంశమున నిజమయ్యెను. కాని పసిపిల్లకు రక్ష యవసరమన్న మలబారీ మాటయు నిజమే. తెలుగుదేశమున 1881లోనే రాజమహేంద్రవరమందు వితంతువివాహము జరిపించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారును, 1892లో విజయనగరమున ప్రదర్శింపబడిన కన్యాశుల్క నాటకకర్త గురజాడ అప్పారావుగారును లోకుల మనస్సులను మార్చు ఆ రెండవ పనికి పూనుకొన్నవారే. మలబారీయు 1908లో దయారామ్ గిడుమల్‌తో కలసి బొంబాయిలో సేవాసదనమును స్థాపించి, స్త్రీల విద్యకును పోషణకును పాటుపడెను. 1912 జూలైలో సిమ్లాలో ఆయన కన్నుమూసెను.

ఆయన నాటిన విత్తనము మెల్లగ పెరిగెను. 1925లో వయోమితి వివాహితలకు పదుమూడు, ఇతరులకు పదునాలుగేండ్లయ్యెను. 1928లో జోషీ సంఘము రాష్ట్రములు తిరిగి అభిప్రాయములను సేకరించినపుడు స్త్రీలును సాక్ష్యమిచ్చిరి. రామేశ్వరీ నెహ్రూ ఆ సంఘమున సభ్యురాలు. మలబారీ నాటి సంపుటములలో కానరాని గొంతులు ఇందు వినబడెను. 1929 నాటి శారదా చట్టము బాలికల వివాహమునకు పదునాలుగేండ్లు నిర్ణయింపగా, 1978లో అది పదునెనిమిదియయ్యెను. 2012 నాటి చట్టము సమ్మతి వయస్సును సైతము పదునెనిమిదిగ చేసెను. దానిని తగ్గింపవలెనా యను ప్రశ్న మరల రాగా, తగ్గింపరాదని 2023లో లా కమిషన్ నివేదించెను.

వయోమితి ఎంత యుండవలెనను చర్చ ప్రతితరమునను వచ్చుచునేయుండును. అభిప్రాయము చెప్పు ప్రతివాడును, ఆ చట్టము తగులునది తనకా, లేక నోరులేని మరియొకరికా యని ముందుగ నరయవలెను. తల్లిదండ్రులు లేని బాలుడై, పరుల యింట పెరిగి, పరుల బిడ్డలకై నిందలు మోసిన మలబారీ జీవితము నేర్పు పాఠమిదియే.