ముల్లు కదలడం లేదా? బాంటింగ్ కథ వినండి

అరవై దాటాక డాక్టర్ మాట విని అన్నం తగ్గించారు. పొద్దున్నే నడుస్తున్నారు. మొదట్లో బరువు తగ్గింది. తర్వాత ముల్లు అక్కడే ఆగిపోయింది. ఈ వయసులో ఇక ఇంతేలే అనుకుంటున్నారా? మీరు నూజెండ్లలో ఉన్నా సరే, నూట అరవై ఏళ్ల కిందటి ఈ లండన్ పెద్దాయన కథ మీకు పనికొస్తుంది.

ఆయన పేరు విలియం బాంటింగ్. 1796లో పుట్టారు. వాళ్లది అంత్యక్రియల ఏర్పాట్లు చూసే కుటుంబం. రాజకుటుంబం అంత్యక్రియలూ వాళ్లే చూసేవారు. అమ్మానాన్నలు లావు కాదు. ఈయనకు మాత్రం ముప్ఫై దాటాక ఒళ్లు రావడం మొదలైంది.

వ్యాయామం చేయమన్నారు డాక్టర్. రోజూ పొద్దున్నే రెండు గంటలు పడవ తెడ్డు వేశారు. కండబలంతోపాటు ఆకలీ పెరిగింది, బరువూ పెరిగింది. ఆవిరి స్నానాలు, గుర్రపు స్వారీ, మందులు ఏవీ నిలకడైన ఫలితం ఇవ్వలేదు. 1862 ఆగస్టులో, 65 ఏళ్ల వయసులో, అయిదడుగుల అయిదంగుళాల మనిషి 202 పౌండ్లు, అంటే దాదాపు 92 కిలోలు ఉన్నారు. వంగి బూటు లేసు కట్టుకోలేరు. మెట్లు వెనక్కి తిరిగి దిగేవారు.

చెవులు సరిగా వినపడక విలియం హార్వే అనే వైద్యుడి దగ్గరికి వెళ్లారు. అసలు సమస్య కొవ్వేనని తేల్చిన హార్వే రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంప తగ్గించమన్నారు. మాంసం, చేపలు, కూరగాయలు తినమన్నారు.

డిసెంబర్ చివరికి 18 పౌండ్లు తగ్గాయి. ఆ తర్వాత వేగం మందగించింది. మార్చి దాకా మూడు వారాలకు రెండేసి పౌండ్లే. అంటే రోజుకు 43 గ్రాములు! ఒక గ్లాసు మంచినీళ్లు తాగితే అంతకు నాలుగైదు రెట్లు బరువు పెరుగుతుంది. ఆయన రోజూ తూచుకుని ఉంటే ఆ తగ్గుదల కనపడేదే కాదు. ఇంచుమించు మూడు వారాలకోసారి తూచుకుని రాసుకున్నారు, పద్ధతి వదల్లేదు. ఏప్రిల్ నుంచి మళ్లీ మూడేసి పౌండ్లు తగ్గాయి. ఏడాదిలో మొత్తం 46 పౌండ్లు, దాదాపు 21 కిలోలు దిగారు.

1863లో ఈ అనుభవాన్ని సొంత ఖర్చుతో చిన్న పుస్తకంగా వేశారు. దాంతో ఇంగ్లిష్‌లో ఆయన పేరే పథ్యానికి మారుపేరైంది. స్వీడిష్ భాషలో ఇప్పటికీ డైటింగ్ చేయడాన్ని బాంటా అంటారు. 1878లో, 81వ ఏట కన్నుమూశారు.

ఆయన తిన్నవన్నీ మీరు తినక్కర్లేదు. అందులో వైన్ కూడా ఉంది! ఆయన ఓపిక, లెక్క మాత్రం తీసుకోండి. మూడు వారాలకోసారి, ఒకే వేళకు తూచుకోండి. నడుము కొలత కూడా రాసుకోండి. అప్పటికీ మార్పు లేకపోతే పళ్లెం చూసుకోండి. ఒళ్లు తగ్గేకొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది, మొదట సరిపోయిన కొలత ఇప్పుడు ఎక్కువ కావచ్చు. నడకయ్యాక అదనంగా పడే రెండు ఇడ్లీలు బాంటింగ్ పడవ ఆకలి లాంటివే. అన్నమైనా జొన్నరొట్టె అయినా కొలత తప్పదు. పప్పు, గుడ్డు, పెరుగు మాత్రం తగ్గించకండి. వయసుతో కండ కరుగుతుంది కాబట్టి నడకతోపాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం లాంటివి చేయండి.

షుగర్ మందులు వాడేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే తిండి మార్చాలి. మిగతావాళ్లు ఆ తూకం యంత్రాన్ని మూడు వారాలు మంచం కిందికి నెట్టేయండి.