డాక్టరు జార్జి హంటింగ్టన్

అమెరికాదేశమున న్యూయార్కు రాష్ట్రమునకు చెందిన లాంగ్ ఐలెండు అను దీవిలో ఈస్టు హాంప్టన్ అను గ్రామము కలదు. జార్జి హంటింగ్టన్ అచ్చట 1850 ఏప్రిల్ 9వ తేదీన జన్మించెను. ఆయన తాతయు తండ్రియు ఆ యూరనే వైద్యులు. బాల్యమున జార్జి తండ్రివెంట రోగుల యిండ్లకు బండిలో పోవుచుండెడివాడు. ఒకనాడు అడవిదారిలో తల్లీకూతుండ్రగు ఇద్దరు స్త్రీలు ఎదురైరి. వారు పొడగరులు, శవములవలె చిక్కిపోయినవారు. మొగములు వికారముగ ముడుతలు పడుచుండెను. దేహములు వంగుచు మెలికలు తిరుగుచుండెను. బాలుడు భయపడెను. తండ్రి బండి నాపి వారితో మాటలాడి ముందునకు సాగెను. ఆ దృశ్యమును జార్జి ఎన్నడును మరువలేదు.

1871లో కొలంబియాలో వైద్యపట్టము పొంది, మరుసటియేట ఫిబ్రవరి 15న ఒహాయో రాష్ట్రమందలి మిడిల్‌పోర్టులో వైద్యులసభయందు ఒక వ్యాసము చదివెను. అప్పటికి ఇరువదిరెండేండ్లు నిండలేదు. అవయవములు రోగి ప్రమేయము లేకయే కదలునట్టి కోరియా అను వ్యాధి అందలి విషయము. అందు అధికభాగము పిల్లలకు వచ్చు సాధారణ కోరియాను గూర్చినదే. చివర మాత్రము తన యూరి కుటుంబములను పీడించు జబ్బును వర్ణించెను. ఆ కుటుంబములవారు దాని పేరెత్తుటకే జంకెడివారు. అది తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించుననియు, నడివయస్సున పైబడుననియు, మనస్సునుగూడ చెరచి ఆత్మహత్యకు పురికొల్పుననియు, తప్పించుకొన్నవాని సంతతికి మరల రాదనియు ఆయన తెలిపెను. మూడుతరముల పరిశీలన యుండుటచేతనే ఇది సాధ్యమయ్యెను. ఏ చికిత్సయు దీనికి పనిచేయలేదనియు దాచక చెప్పెను. కొత్తగా పట్టము పొందిన వైద్యునకు ఇట్లొప్పుకొనుట సులభమా?

పిమ్మట ఆయన పరిశోధకుడు కాలేదు. ఉబ్బసముతో బాధపడుచు పల్లెవైద్యమునే చేసికొనెను. వేణువు వాయించెడివాడు, బొమ్మలు గీసెడివాడు. 1916 మార్చి 3న మరణించెను.

ఆ రోగమునకు ఆయన పేరే నిలిచెను. దానికి మూలమగు జన్యువు 1993లో కనుగొనబడెను. తల్లిదండ్రులలో ఒకరికి అది యున్నచో ప్రతిబిడ్డకును సంక్రమించుటకు సగము అవకాశము కలదు. రోగమును సమూలముగ మాన్పు మందు నేటికిని లేదు. కదలికలను తగ్గించు మందులు మాత్రము కలవు. అందొకటియగు టెట్రబెనజీనును అమెరికాలో 2008లో అనుమతించిరి. అయితే అది దిగులును పెంచగలదు. కావున హంటింగ్టన్ హెచ్చరించిన ఆ మనస్సునే వైద్యుడు ఎల్లప్పుడు కనిపెట్టియుండవలెను. రోగిని బాధింపని కదలికలకు మందీయకుండుటయు కలదు.

మిగిలినది ఇంటివారి పని. ఆందోళనచే కదలికలు హెచ్చును గనుక ఇల్లు ప్రశాంతముగ నుండవలెను. రోగి చిక్కిపోకుండ బలమైన ఆహారము పలుమారులు పెట్టుదురు. గొంతున అడ్డుపడకుండ మెత్తగాచేసి, నిటారుగ కూర్చుండబెట్టి, తొందరపెట్టక తినిపింతురు. కుర్చీ బరువైనదియు వెడల్పైనదియు కావలెను. మంచపు అంచులకు మెత్తలు కట్టుదురు. వీధిలో తూలుచు నడచు అట్టివారిని త్రాగుబోతులని పొరబడువారు నేటికిని కలరు.