ఊరంతటికీ బతుకునిచ్చిన గీత

చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి రోజూ బస్సెక్కి భద్రాచలం కాలేజీకి వస్తున్నారా? అయితే మీ ఊళ్లో కొలుపు జరిగినప్పుడు డోలీ కళాకారులు పడిగె విప్పి, దాని మీది బొమ్మలు చూపిస్తూ వంశాల కథ చెప్పడం చూసే ఉంటారు. దీంతో ఉద్యోగం వస్తుందా, ఏమన్నానా అనుకునీ ఉంటారు. మీ తప్పేం లేదు. ఏ నోటిఫికేషన్‌లోనూ ఆ అర్హత అడగరు మరి.

కానీ సరిగ్గా ఇలాంటి కుటుంబంలోనే పుట్టిన ఓ కుర్రాడు, చదువు మధ్యలోనే మానేసినవాడు, ఆ విద్యతోనే ప్యారిస్ దాకా వెళ్లాడు. తన ఊరివాళ్లకు కొత్త జీవనోపాధి చూపించాడు. అతనే గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. అతని గెలుపు నుంచే కాదు, విషాదాంతం నుంచి కూడా ఉద్యోగాల వేటలో ఉన్న మీరు నేర్చుకోవాల్సింది ఉంది.

పాటే ఆస్తి

గోండులు మనకు పరాయివాళ్లు కారు. కోయ భాష గోండీకి దగ్గరి చుట్టం. కోయలకు డోలీలు ఎలాగో గోండులకు పర్ధాన్లు అలాగ. దేవుళ్ల కథలు, వంశాల చరిత్ర పాడి వినిపించడం వాళ్ల వృత్తి. ఆదిలాబాద్‌లో పర్ధాన్లు కిక్రీ వాయిస్తే, మధ్యప్రదేశ్‌లో బానా అనే వాద్యం వాయిస్తారు.

అలాంటి పర్ధాన్ ఇంట్లో, మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌లో 1960ల మొదట్లో జన్‌గఢ్ పుట్టాడు. ఆ ఊరు అప్పట్లో మండ్లా జిల్లాలో ఉండేది, ఇప్పుడు దిండోరి జిల్లాలో ఉంది. జనగణన జరుగుతున్న రోజుల్లో పుట్టినందుకే ఆ పేరు పెట్టారంటారు. ఇంట్లో పేదరికం. బడి మానేసి గేదెలు కాశాడు. చిన్న వయసులోనే నన్‌కుసియాతో పెళ్లయింది. పాటకు ఆదరణ తగ్గిపోతున్న రోజులవి. చేతిలో మిగిలిందల్లా విన్న కథలు, మట్టి గోడల మీద బొమ్మలు వేసే అలవాటు.

1981లో భోపాల్ నుంచి కొందరు ఆ ఊరికి వచ్చారు. కొత్తగా కడుతున్న భారత్ భవన్ కోసం చిత్రకారుడు జె.స్వామినాథన్ పల్లెల్లో కళాకారులను వెతికిస్తున్నారు. ఓ ఇంటి గోడ మీద జన్‌గఢ్ వేసిన బొమ్మ వాళ్ల కంటపడింది. అతన్ని భోపాల్ పిలిపించారు. 1982 ఫిబ్రవరిలో భారత్ భవన్ తెరుచుకునే నాటికి జన్‌గఢ్‌కు ఇరవై ఏళ్లు అటూఇటూ. ఆ తర్వాత అక్కడి ప్రింట్ మేకింగ్ విభాగంలోనే ఉద్యోగం దొరికింది.

కాపీ కొట్టలేదు

ఇక్కడ ఒక విషయం గమనించండి. గోండుల పెద్దదేవుడు బడాదేవ్ మద్దిచెట్టులో ఉంటాడని నమ్మకం. పాటల్లో తప్ప అతనికి రూపం లేదు. చూసి వేయడానికి పాత బొమ్మలేవీ లేవు. జన్‌గఢ్ తాను విన్న పాటలకే రూపం ఇచ్చాడు. మట్టి రంగుల స్థానంలో పోస్టర్ రంగులు, గోడ స్థానంలో కాగితం, కాన్వాస్ వచ్చాయి. జింక కొమ్ములు చెట్టు కొమ్మల్లా విచ్చుకున్నాయి. బొమ్మ లోపలంతా చుక్కలు, సన్నని గీతలు నింపాడు. అంటే సంప్రదాయాన్ని కాపాడటమంటే పాతదాన్ని అచ్చుగుద్దడం కాదన్నమాట.

1986లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం శిఖర్ సమ్మాన్ ఇచ్చింది. 1989లో ప్యారిస్‌లోని పాంపిడూ సెంటర్ నిర్వహించిన అంతర్జాతీయ ప్రదర్శనలో అతని చిత్రాలు నిలిచాయి. భోపాల్‌లోని కొత్త శాసనసభ భవనం గోడల మీదా అతని బొమ్మలున్నాయి.

పేరొచ్చాక ఊరిని మర్చిపోలేదు. బంధువులను భోపాల్ పిలిపించుకున్నాడు. మొదట తన బొమ్మల్లో చుక్కలు, గీతలు నింపే పని ఇచ్చేవాడు. చేయి తిరిగాక సొంతంగా వేయమనేవాడు. అందుకే ఈ శైలికి జన్‌గఢ్ కలం అనే పేరొచ్చింది. ఇందులో పేరున్న ఒక్కొక్కరికీ ఒక్కో రకం నింపుడు గీత ఉంటుంది. అదే వాళ్ల సంతకం. రాత్రి కాపలా ఉద్యోగం చేసిన అతని బంధువు భజ్జు శ్యామ్ 2018లో పద్మశ్రీ అందుకున్నాడు. దగ్గరి బంధువు దుర్గాబాయి వ్యామ్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2023లో మధ్యప్రదేశ్ గోండు చిత్రకళకు భౌగోళిక గుర్తింపు లభించింది.

ఒంటరి ముగింపు

ఈ చివరి రెండు దశాబ్దాలూ జన్‌గఢ్ చూడలేదు. 2001లో జపాన్‌లోని ఓ మ్యూజియంలో బొమ్మలు వేసే ఒప్పందం మీద వెళ్లాడు. భాష రాని చోటు, ఇంటి మీద బెంగ. తిరిగి రావాలనుందని ఇంటికి ఉత్తరాలు రాశాడు. ఆ జులైలో అక్కడే ప్రాణాలు తీసుకున్నాడు. నలభై ఏళ్లయినా సరిగ్గా నిండలేదు. దేశమంతటా కళాకారులు కదిలిపోయారు, విచారణ కోరారు.

అందుకే కళలోనైనా ఐటీలోనైనా సంతకం పెట్టేముందు ఆగండి. గడువెంత, చెల్లింపెంత, తిరుగు ప్రయాణం ఎప్పుడు, ఖర్చెవరిది, ఇబ్బందొస్తే ఎవరికి ఫోన్ చేయాలి... ఇవన్నీ మీకు అర్థమయ్యే భాషలో రాయించుకోండి. ఇంకో సంగతి. డబ్బు తీసుకుని ఒకరి కోసం చిత్రం వేస్తే, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, మన చట్టం ప్రకారం కాపీరైట్ వేయించుకున్నవాళ్లకే వెళ్తుంది. ఒక్క వాక్యం రాయించుకుంటే అది మీ దగ్గరే ఉంటుంది. ఇంటికి దూరంగా ఉన్నప్పుడు మనసు బరువెక్కితే లోపల దాచుకోకండి. ఉచిత టెలిమానస్ నంబరు 14416కు కాల్ చేయొచ్చు.

మరి మీ దగ్గర?

మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన వెళ్లిపోయారు. అలాంటివాళ్లు వెళ్లిపోతే వాళ్ల నోట ఉన్న కథలూ పోతాయి.

బొమ్మలంటే ఇష్టముంటే హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ ఉంది, ప్రవేశ పరీక్ష రాసి చేరొచ్చు. హస్తకళాకారులకు కేంద్రం పెహచాన్ గుర్తింపు కార్డు ఇస్తుంది. అవన్నీ తర్వాత. ముందు ఈసారి కొలుపులో పడిగె విప్పినప్పుడు పెద్దాయన పక్కన కూర్చోండి. అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ బొమ్మ ఎవరిదో అడిగి రాసుకోండి. జన్‌గఢ్ దగ్గర మొదట ఉన్నదీ అంతే, విన్న కథలే.