చిత్రకారులు దామెర్ల రామారావుగారు

మా పాఠశాలలో లెక్కల పుస్తకముల వెనుక అట్టలను త్రిప్పి చూచినచో, చదువునకు సంబంధింపని యొక చిత్రశాల అందు కానవచ్చును. ఒక బాలిక సీతాదేవిని చెట్టు క్రింద కూర్చుండబెట్టును. ఒక బాలుడు జుట్టు విరబోసికొనిన ద్రౌపదిని వ్రాయును. 2015, 2017 సంవత్సరములలో బాహుబలి చలనచిత్రములు వచ్చిన పిమ్మట శివగామియు, దేవసేనయు కూడ ఆ అట్టలమీద చోటు సంపాదించుకొనిరి. ఇట్టి బొమ్మలను చూచి మేము పలుమారులు కోపించితిమి. ఒకప్పుడు ఒక బాలుని పుస్తకములోని పుటను చింపివేసితిమి కూడ. ఆ పిల్లవాడు మరల మా యెదుట బొమ్మ వ్రాయలేదు. మేము చేసినది తప్పని మాకు బోధించినది ఒక చిత్రకారుని జీవితము. దానినే ఈ సంచికలో విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవింప దలచితిమి.

దామెర్ల రామారావుగారు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. ఆ కాలమున తెలుగువారి యిండ్లలో సీత, ద్రౌపది, దమయంతి, శకుంతల మొదలగు వారి రూపములు ఎచ్చటనుండి వచ్చుచుండెనో ముందుగా తెలిసికొనవలెను. తిరువాన్కూరు దేశమునందలి కిళిమానూరులో పుట్టిన రాజా రవివర్మగారు (1848-1906) పురాణస్త్రీలను తైలవర్ణములతో చిత్రించి, దేశమంతట కీర్తి గాంచిరి. వారు 1894లో బొంబాయియందు ముద్రణాలయమును నెలకొల్పి, తమ చిత్రములను రంగులతో అచ్చువేయించిరి. అదివరకు రాజభవనములకే పరిమితమైన చిత్రములు దానితో సామాన్యుల గోడలమీదికి వచ్చెను. కొందరు స్త్రీలు ఆ పటములందలి చీరలకు జరీపోగులను, చెమ్కీలను అంటించి, తమ చేతితో తామే దేవీమూర్తులను అలంకరించి మురియుచుండిరి. కథలోని స్త్రీని ప్రేమించినవారు ఆమెను ఊరక చూచుటతో తృప్తి చెందరు. తమ చేతితో ఏదో యొకటి ఆమెకు చేయవలెనని కోరుదురు. మా విద్యార్థుల అట్టబొమ్మలును అట్టి ప్రేమవలన పుట్టినవే. అయితే అచ్చుపటముల వలన ఒక చిక్కును కలిగెను. సీతయైనను, దమయంతియైనను అందరి మనస్సులలో ఒకే ముఖము, ఒకే నిలుకడ పాతుకొనిపోయెను. బొమ్మలు నేర్చు బాలురు మనుష్యులను చూచుట మాని పటములను చూచి వ్రాయుచుండిరి.

రామారావుగారు ఆ మార్గమున చిక్కుకొనకుండుటకు కారణము ఒక ఉపాధ్యాయుడు. రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు అప్పుడు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు అధ్యక్షుడుగా నుండెను. ఆయన గ్రంథకర్త, స్వయముగా చిత్రములు వ్రాయువాడు. రామారావుగారి చేతిలోని నేర్పును ఆయన కనిపెట్టెను. దానిని చదువునకు అడ్డమైన దురలవాటుగా తలపక, అదియే ఆ బాలుని చదువని గ్రహించెను. రామారావుగారిని, తరువాతి కాలమున నవలాకర్తగా పేరు పొందిన అడివి బాపిరాజుగారిని, కవి కవికొండల వేంకటరావుగారిని ఆయన తన బిడ్డలవలె చూచి ప్రోత్సహించెను. అజంతా, ఎల్లోరా గుహలలోని ప్రాచీన చిత్రశిల్పములను రామారావుగారికి చూపించినవాడును, బొంబాయిలోని సర్ జె. జె. చిత్రకళాశాలకు పంపించినవాడును ఆయనయే. ఆ రోజులలో సర్కారు కొలువును విడిచి కుంచెను నమ్ముకొనుట సామాన్యమైన సాహసము కాదు. గురువు వెన్ను తట్టనిచో ఆ అడుగు పడియుండెడిది కాదేమో.

1916 మొదలు 1920 వరకు రామారావుగారు బొంబాయిలో విద్య నభ్యసించిరి. అచ్చట పాశ్చాత్యుల పద్ధతి బోధింపబడుచుండెను. ఎదుట నిలిచిన మనుష్యుని ఎముకల కూర్పును, కండరముల పొంగును, వెలుగునీడలను కన్నులార చూచి దింపుట ఆ పద్ధతికి ప్రాణము. అదే కాలమున కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరుగారు (1871-1951) పాశ్చాత్యానుకరణమును విడిచి, అజంతా మొదలగు ప్రాచీన చిత్రములలోని రేఖను మరల జీవింపజేయ యత్నించుచుండిరి. రామారావుగారు ఈ రెండింటిలో దేనికిని దాసులు కాలేదు. బొంబాయి నేర్పిన పరిశీలనను, అజంతా నేర్పిన రేఖను తీసికొని, వాటితో తెలుగునాటి ముఖములను వ్రాయవలెనని నిశ్చయించుకొనిరి. ఘూర్జరదేశమునందలి కాఠియావాడులో సంచరించినప్పుడును అచ్చటి పల్లెస్త్రీలనే చిత్రించిరి.

వారి చిత్రములలో మిక్కిలి పేరుగాంచినది ఋష్యశృంగ బంధనము. 1922లో దీనికి వైస్రాయి బహుమానము లభించెను. ఈ కథ రామాయణమునందును, మహాభారతమునందును కలదు. అంగదేశమున వానలు లేక కాటకము కలుగగా, అడవిలో పెరిగి, స్త్రీని ఎన్నడును చూచియెరుగని ఋష్యశృంగుని తోడ్కొని వచ్చినచో వర్షము కురియునని పెద్దలు చెప్పిరి. రోమపాద మహారాజు కొందరు వనితలను అడవికి పంపెను. వారు తండ్రి ఆశ్రమమున లేని సమయము కనిపెట్టి, మునికుమారునకు భక్ష్యములు పెట్టిరి. అతడు అవి యేవో పండ్లనుకొనెను. తుదకు వారి వెంట నగరమునకు వచ్చెను, వాన కురిసెను. రామాయణములో ఈ వనితలకు పేరులు లేవు. తండ్రి శాపమునకు వెరచుచునే ఒక దేశపు కరువును తీర్చుటకై వెళ్లిన ఆ స్త్రీలను శ్రోతలు కథతోపాటు మరచిపోవుదురు. రామారావుగారు ఆ పేరులేని వారిని చిత్రమునకు నడిబొడ్డునకు తెచ్చి, వారికి ముఖములనిచ్చిరి.

సిద్ధార్థ రాగోదయము అను చిత్రమునందు బుద్ధుడు కాకపూర్వము రాజకుమారుడైన సిద్ధార్థుని హృదయమున మొదటిసారి అనురాగము ఉదయించిన ఘట్టమును గైకొనిరి. నందిపూజ, పుష్పాలంకరణము అను చిత్రములలోనైతే కథ ఏమియు లేదు. పూజ చేయు స్త్రీలు, పూలు ముడుచుకొను స్త్రీలు మాత్రమే కలరు. అయినను ఇతిహాసచిత్రములోని స్త్రీలకును, ఈ స్త్రీలకును గౌరవమున భేదము చూపలేదు. రామారావుగారి ధర్మపత్ని సత్యవాణమ్మగారు ఆయన చిత్రములకు ఎదుట కూర్చుండి సహాయపడిరి. పరపురుషుని యెదుట స్త్రీ నిలుచుటకే సంకోచించు ఆ దినములలో, ఇంటి ఇల్లాలి రూపమునందే పురాణకాలపు స్త్రీని చూడగలుగుట ఆయన విశేషము. రవివర్మగారి పటములు పురాణస్త్రీలను మన యింటికి తెచ్చెను. రామారావుగారు మన యింటి స్త్రీలను పురాణములోనికి తీసికొనిపోయిరి.

మన కొండలకును వారి కుంచెకు సంబంధము కలదు. మన అరకు లోయను చుట్టియున్న ఈ తూర్పు కనుమలే దక్షిణమునకు సాగి, పాపికొండలవద్ద గోదావరికి దారి యిచ్చుచున్నవి. తూర్పు కనుమలలో గోదావరి అను ప్రకృతిచిత్రమును రామారావుగారు రచించిరి. రాజాస్థానములను, స్వయంవర మండపములను వెదకుచు దూరదేశములకు పోనక్కరలేదనియు, నదియు, కొండయు, నీటికై వచ్చిన స్త్రీయు చిత్రమునకు చాలుననియు వారి పని మనకు తెలుపుచున్నది.

బొంబాయినుండి తిరిగి వచ్చిన కొలది యేండ్లకే వారు రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను స్థాపించి, తాము నేర్చినదానిని ఇతరులకు నేర్ప మొదలిడిరి. మిత్రులు వరదా వేంకటరత్నముగారు వారికి కుడిభుజముగా నుండిరి. సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణి యయ్యెను. పురుషుల కుంచెనుండియే స్త్రీల రూపములు వెలువడుచుండిన కాలమున, ఒక తెలుగు స్త్రీ స్వయముగా కుంచె పట్టుట గమనింపదగినది. 1924లో లండను చెంత వెంబ్లీయందు జరిగిన బ్రిటిషు సామ్రాజ్య ప్రదర్శనమునందు రామారావుగారి చిత్రములును చోటు పొందెను.

కీర్తి అట్లు విస్తరించుచుండగనే, 1925వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన వారు మశూచి వ్యాధిచే మరణించిరి. అప్పటికి వారికి ఇరువదియెనిమిది యేండ్లయినను నిండలేదు. మశూచికి టీకా 1796లోనే జెన్నరు అను వైద్యుడు కనుగొనియుండెను. ఆ వ్యాధి లోకమునుండి నశించినదని 1980లో ప్రకటింపబడినది. ఈ రెండు తేదీల నడుమ అది హరించిన ప్రాణములలో ఈ యువకుని ప్రాణమొకటి. బొంబాయి విడిచినది మొదలు మరణమువరకు వారికి దక్కిన కాలము అయిదేండ్లు మాత్రమే.

చిత్రకారుడు మరణించినచో కాగితములు చెదలపాలగుట లోకసహజము. ఇచ్చట అట్లు జరుగలేదు. సత్యవాణమ్మగారును, వేంకటరత్నముగారును, ఇతర మిత్రులును చిత్రములను చెదరనీయక కాపాడిరి. పాఠశాలను వేంకటరత్నముగారు నడిపిరి. రాజమహేంద్రవరములో రామారావుగారి పేరిట వెలసిన చిత్రశాలలో ఆ చిత్రములను నేటికిని చూడవచ్చును. సెలవులలో ఆ నగరమునకు పోవు కుటుంబములు పిల్లలను అచ్చటికి తీసికొనిపోవలెనని మా ప్రార్థన.

విద్యార్థులారా, మీరు సీతను వ్రాయుడు, ద్రౌపదిని వ్రాయుడు, శివగామిని, దేవసేనను సైతము వ్రాయుడు. అయితే పటమును చూచియు, చలనచిత్రపు ప్రకటనను చూచియు మాత్రమే వ్రాయకుడు. కట్టెలమోపుతో కొండ దిగు మీ తల్లి మెడ ఎట్లు నిలిచియుండునో చూడుడు. సంతలో అడ్డాకులు ముందిడుకొని కూర్చున్న అవ్వ చేతులను చూడుడు. ధింసా ఆడునప్పుడు ఒకరి నడుము నొకరు పట్టుకొని కదలు మీ అక్కల అడుగులను చూడుడు. అడవిలో నడచిన సీతకు కావలసిన ఓర్పు, సభలో నిలిచి ప్రశ్నించిన ద్రౌపదికి కావలసిన ధైర్యము, ఆ ముఖములలో మీకు దొరకును.

ఇక మావంటి ఉపాధ్యాయులు నేర్వవలసిన పాఠము వేరొకటి కలదు. రాజమహేంద్రవరములోని ఆ గురువు విద్యార్థి బొమ్మను చూచి చింపియుండినచో తెలుగునాడు ఏమి కోల్పోయెడిదో ఊహించుకొంటిమి. ఊహించుకొని, పుట చింపబడిన ఆ బాలుని పిలిచి, ఒక గీతలులేని తెల్లకాగితముల పుస్తకమును అతని చేత నుంచితిమి. అతడు దానిని తీసికొనెను. అందు మొదటి పుటయందు ఏమి వ్రాయునో చూడవలెనని మేము వేచియున్నాము.